నేలకూ కడలికీ నడుమ

ప్రబంధానికి అలంకారికులు నిర్దేశించిన అష్టాదశ వర్ణనలలో సముద్రం ఒకటి. నగరం, పర్వతం, ఉద్యానం, జలక్రీడ మొదలైన వాటి సరసన కావ్యంలో కడలికి ఒక పీఠం దక్కింది. కాని ఆ కడలి ఎక్కడ ముగుస్తుందో, నేల ఎక్కడ మొదలవుతుందో తేల్చి చెప్పలేని తీరపు బురదనేలకు ఆ పట్టికలో చోటు లేదు. రోజుకు రెండుసార్లు నీట మునిగి, రెండుసార్లు బయటపడే ఆ నేల అరకకూ లొంగదు, పడవకూ లొంగదు. దానిలో అడుగుపెడితే మోకాలిదాకా దిగబడుతుంది. దాని వాసన సుకుమారులు భరించలేరు. కవులు దానివైపు చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే భాష దానిని విస్మరించలేదు. సంస్కృతంలో ‘వేల’ అనే మాటకు తీరమనీ, హద్దు అనీ, కడలిపొంగు అనీ, కాలమనీ అర్థాలున్నాయి. తీరపు హద్దు పొంగును బట్టి, పొంగు కాలాన్ని బట్టి మారుతుందని తెలిసినవారే ఈ నాలుగు అర్థాలను ఒక్క మాటలో ఇమిడ్చి ఉంటారు. తెలుగు తీరవాసులు ఆ నేలను ‘పర్ర’ అన్నారు. దానిమీద పెరిగే చెట్టును ‘మడ’ అన్నారు. పంటల లెక్క చూసే కంటికి మాత్రం అది బంజరు. పర్రకు ఈ నూరేళ్ళలో జరిగిన హానిలో అధికభాగం ఆ ఒక్క మాట నుండే మొదలైనది.

గోదావరి సముద్రాన్ని చేరే చోట ఇటువంటి నేల విస్తారంగా ఉన్నది. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వసిష్ఠ అనే ప్రధానపాయలుగా చీలుతుంది. తూర్పు పాయ అయిన గౌతమి నుండి యానాం పరిసరాలలో కోరింగ, గాడేరు వంటి చిన్న పాయలు విడివడి ఉత్తరంగా కాకినాడ అఖాతంలోకి సాగుతాయి. ఆ పాయల నడుమ, అఖాతపు అంచు పొడుగునా మడ అడవులు, బురదమేటలు, ఉప్పు పర్రలు ఒకదానితో ఒకటి అల్లుకొని ఉన్నాయి. వీటిలో 235.70 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అఖాతానికి తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున సన్నని ఇసుకదిబ్బ ఒకటి అడ్డుగా నిలిచి, బంగాళాఖాతపు కెరటాల తాకిడి నుండి కాకినాడను కాపాడుతున్నది. దానినే హోప్ ఐలాండ్ అంటారు. అది అనాదిగా ఉన్న ద్వీపం కాదు. నది తెచ్చిన ఇసుకను తీరప్రవాహాలు మోసుకొనిపోయి పోయగా, గత రెండు శతాబ్దాలలో పెరిగిన దిబ్బ అది. ఇక్కడి ఊళ్ళ పేర్లు కూడా ఈ కట్టుబడినే చెబుతాయి. గాడిమొగ అన్న పేరులోని ‘మొగ’ ఏరు కడలిలో కలిసే చోటు. బలుసుతిప్ప అన్న పేరులోని ‘తిప్ప’ నీటి నడుమ మేటపడి పైకి లేచిన మెరక.

ఒకప్పుడు ఇక్కడ కోరంగి అనే పెద్ద ఓడరేవు ఉండేది. అక్కడ ఓడలు కట్టేవారు, పాతవాటిని బాగుచేసేవారు. ఆ రేవు నుండి బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడివారు ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని ముంచింది. 1839 నవంబరు 25న వచ్చిన తుఫాను రేవును నేలమట్టం చేసింది. ఉప్పెనలు తెచ్చిన చేటు ఒక ఎత్తు, ఏటేటా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మరొక ఎత్తు. పాయలు పూడి, పెద్ద ఓడలు రాలేని స్థితి ఏర్పడి, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. రేవును పూడ్చిన ఆ ఒండ్రుమీదనే అడవి పెరిగింది.

ఈ అడవి జీవనం ఆటుపోట్ల మీద ఆధారపడి ఉన్నది. సముద్రం పొంగడాన్ని పోటు అనీ, తగ్గడాన్ని ఆటు అనీ, పాటు అనీ అంటారు. మన తూర్పుతీరంలో ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాల వ్యవధి ఉంటుంది. అందుచేత పోటువేళ రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు వెనుకకు జరుగుతుంది. జాలరులకు గడియారం కన్న ఈ లెక్కే ముఖ్యం. అమావాస్య, పూర్ణిమల సమయంలో పోటు మిక్కిలి ఎత్తుకు ఎక్కుతుంది. అష్టమి ప్రాంతంలో మందగిస్తుంది. ఈ తేడాయే తీరపు నేలను వరుసలుగా విభజిస్తున్నది. ఏటి అంచున ఉన్న బురద ప్రతి పోటుకూ మునుగుతుంది. అక్కడ మడచెట్లు నిలుస్తాయి. వాటి వెనుక, కొంచెం మెరకగా ఉన్న నేలకు అమావాస్య, పూర్ణిమల పోటు మాత్రమే అందుతుంది. ఆ నీరు తీసిన తరువాత ఎండకు ఇగిరి, ఉప్పు తెల్లని పొరగా పేరుకొంటుంది. మళ్ళీ పెద్ద పోటు వచ్చేదాకా ఆ నేలలోని ఉప్పదనం కడలి ఉప్పదనాన్ని మించిపోతుంది. అక్కడ చెట్టు నిలువదు. మోకాలెత్తు కూడా లేని ఉప్పుమొక్కలు నేలను కప్పుతాయి. ఇదే ఉప్పు పర్ర.

లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అంత ఉప్పునీటిలో వరిమొక్కను నిలిపితే దాని వేళ్ళలోని నీరే బయటికి పోతుంది. ఊరగాయజాడీలో ఉప్పు చల్లిన మామిడిముక్క నీరు వదలడం అందరూ చూసినదే. పర్రలోని మొక్కలు ఈ ధర్మాన్ని ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా ఎదిరిస్తాయి. ఇలకూర, వంగరెడ్డికూర వంటివి ఉప్పును లోనికి తీసుకొని, దళసరి ఆకులలో నీటితోపాటు నిలువ చేసుకొంటాయి. ఆ ఆకు ముదిరి ఎర్రబడి రాలిపోయినప్పుడు దానితోపాటు ఉప్పూ పోతుంది. వాటి పేర్ల చివర ఉన్న ‘కూర’ అన్న మాట ఇవి కొందరి వంటలోకి వచ్చేవని తెలుపుతున్నది. తెల్లమడ మరొక దారి పట్టింది. అది లోనికి వచ్చిన ఉప్పును ఆకులమీది సూక్ష్మగ్రంథుల ద్వారా వెలికి నెట్టివేస్తుంది. ఎండపూట ఆ ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. ఉప్పుపొన్న వేరు దగ్గరే కాపలా పెట్టింది. వేరు నీటిని పీల్చేటప్పుడే ఉప్పులో అధికభాగాన్ని బయట నిలిపివేస్తుంది. 

ఉప్పు ఒక కష్టమైతే, ఊపిరి రెండవ కష్టం. నీరు నిలిచిన బురదలో గాలి ఉండదు. అందుచేత మడచెట్టు తన వేళ్ళలో కొన్నింటిని పైకి పంపుతుంది. చెట్టుచుట్టూ నేలలో గుచ్చిన పెన్సిళ్ళవలె వందలాదిగా నిలిచి ఉండే ఆ ఊపిరివేళ్ళ మీద సన్నని రంధ్రాలుంటాయి. పాటు తీసినప్పుడు వాటిగుండా గాలి లోపలికి పోయి, బురదలోని వేళ్ళకు అందుతుంది. ఉప్పుపొన్నకు కాండంనుండి దిగిన ఊతవేళ్ళు ఆ పని చేస్తాయి. ఇక సంతానం మూడవ సమస్య. బురదలో పడిన గింజ పోటుకు కొట్టుకొనిపోతుంది. కాబట్టి పొన్నజాతి చెట్లలో గింజ తల్లిచెట్టుమీదనే మొలకెత్తి, జానెడు పొడవు పెరిగిన తరువాతనే రాలుతుంది. రాలినది బురదలో గుచ్చుకొని నిలిచినా నిలుస్తుంది, లేదా నీటిమీద తేలి మరొక తిప్పను చేరుతుంది.

ఈ నేలలో అసలు జీవం బురదలోనే ఉన్నది. రాలిన ఆకులు, చచ్చిన గడ్డి, ఏరు తెచ్చిన చెత్త అక్కడ చేరుతాయి. పైపొర కింద ప్రాణవాయువు ఉండదు గనుక, దానితో పనిలేని సూక్ష్మజీవులు వాటిని కుళ్ళింపజేస్తాయి. సముద్రజలంలోని సల్ఫేటును వాడుకొని బతికే ఆ సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వెలువరిస్తాయి. పర్రలో వచ్చే కుళ్ళిన గుడ్ల వాసన దానిదే. ఆ గంధకం ఇనుముతో కలిసి బురదకు నల్లరంగు తెస్తుంది. వాసనను బట్టి, రంగును బట్టి దీనిని మురికి అనుకోవడం పొరపాటు. గాలి అందని ఆ బురదలో కుళ్ళడం మిక్కిలి నెమ్మదిగా సాగుతుంది కాబట్టి చెట్లు గాలినుండి గ్రహించిన కర్బనం శతాబ్దాల తరబడి అక్కడే నిలువ ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని ‘నీలి కర్బనం’ అంటున్నారు.

ఆ నిలువలో కొంతభాగం కడలికి ఆహారమవుతుంది. పీతలు ఆకులను బొరియలలోకి ఈడ్చుకొనిపోయి తుంచుతాయి. వాటి బొరియలగుండా బురదలోకి గాలి, నీరు దిగుతాయి. రైతుకు వానపాము ఎటువంటిదో మడకు పీత అటువంటిది. తుంచిన ఆకుల తునకలమీద సూక్ష్మజీవులు పెరిగి, ఆ తునకలు రొయ్యపిల్లలకూ, కొయ్యంగ వంటి చేపలకూ మేతవుతాయి. టైగర్ రొయ్య కడలిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు మాత్రం పోటుతో మొగలలోకి వచ్చి, మడవేళ్ళ నడుమ పెరిగి, ఈడు వచ్చాక తిరిగి కడలికి పోతాయి. పండుగప్ప, మండపీత ఈ నీటిలోనివే. పులస కూడా ఈ నదీముఖాలను దాటియే వరదకు ఎదురీది గోదావరిలోకి పోతుంది. కాబట్టి బయటి కడలిలో వల వేసే జాలరి పట్టుకొన్న రొయ్యకు బాల్యం గడిచిన ఇల్లు ఈ బురద. అది పోతే దాని ఫలితం వెంటనే కనబడదు. కొన్నేళ్ళ తరువాత వల తేలికగా పైకి వచ్చినప్పుడు తెలుస్తుంది.

చేపలున్న చోట వాటిని తినే జీవులూ ఉంటాయి. బావురుపిల్లి నీటిలో దిగి చేపలను పట్టే పిల్లిజాతి జంతువు. దేశంలో అది స్థిరంగా నిలిచిన కొద్ది తావులలో కోరింగ ఒకటి. నీటికుక్కలు గుంపులుగా తిరుగుతాయి. శీతకాలంలో మధ్యాసియా, సైబీరియాల నుండి ఉల్లంకిపిట్టలు వేలుగా వచ్చి బురదమేటలమీద వాలుతాయి. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి.

తుఫాను వేళ ఈ అడవి చేసే మేలును అతిశయోక్తి లేకుండా చెప్పుకోవాలి. చిక్కగా పెనవేసుకొన్న వేళ్ళు, కొమ్మలు కెరటపు వేగాన్ని తగ్గిస్తాయి; ఒండ్రును పట్టి నిలుపుతాయి. 1999లో ఒడిశాను తాకిన పెనుతుఫానులో, కేంద్రపడా జిల్లాలో ఊరికీ సముద్రానికీ నడుమ మడ అడవి వెడల్పుగా మిగిలి ఉన్న చోట మరణాలు తక్కువగా సంభవించాయని తరువాతి పరిశీలనలో తేలింది. అంతమాత్రాన అడవి ఉన్నంతనే ఉప్పెన ఆగిపోతుందని కాదు. 1839 నాటి ఉప్పెన వంటిదానిని ఏ చెట్టూ నిలువరించలేదు. ఊరిని ఖాళీ చేయించే ఏర్పాటుకు అడవి బదులు కాజాలదు.

ఇంతటి నేలకు ముప్పు ఏ దారిన వచ్చిందో తెలియాలంటే తుల్యభాగను చూడాలి. పురాణ సంప్రదాయం గోదావరికి ఏడు పాయలు చెప్పింది. వాటిలో తుల్యభాగ ఒకటి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో కీర్తించిన దక్షారామం, అనగా నేటి ద్రాక్షారామం, ఈ సప్తగోదావరి సీమలోనిదే. తుల్యభాగ కడలిలో కలిసే చొల్లంగిలో పుష్యమాసపు అమావాస్యనాడు వేలాదిమంది స్నానం చేస్తారు. సప్తసాగర యాత్ర అక్కడ మొదలవుతుంది. ఆ అమావాస్యకు ‘చొల్లంగి అమావాస్య’ అనే పేరు వచ్చింది. అమావాస్యనాటి పెద్దపోటు పర్రమీదికి ఎక్కే రోజు కూడా అదే. ఆ తుల్యభాగ నేడు నీటిపారుదల లెక్కలలో మురుగుకాలువ. వరిచేలలో మిగిలిన ఎరువు, పురుగుమందు, చెరువులనుండి వదలిన నీరు, ఊళ్ళ మురుగు ఆ దారినే పర్రను చేరుతున్నాయి. తీర్థమని మునిగే నీరూ, మురుగని వదిలే నీరూ ఒకటే కావడాన్ని ఎవరూ పట్టించుకొన్నట్టు కనబడదు. కాకినాడ పట్టణపు మురుగు, రేవు, ఎరువుల కర్మాగారాలు, వంటనూనెల శుద్ధి కేంద్రాలు వేరే భారం.

పర్ర ఈ మురికిని కొంతమేరకు సహిస్తుంది. అంతకన్న ఎక్కువే చేస్తుంది. ఎరువులలోని నత్రజనిని బురదలోని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి గాలిలోకి పంపివేస్తాయి. రాగి, సీసం, కాడ్మియం వంటి లోహాలు గంధకంతో కలిసి, నీటిలో కరగని రూపం దాల్చి బురదలో బిగుసుకొంటాయి. కాబట్టి మురుగు పర్రగుండా పారితే అవతలికి కొంత తేటపడి వస్తుంది. ఈ ఉపకారమే పర్రకు అపకారమైనది. ఎంత పోసినా మింగుతుంది గదా అని పోయడం అలవాటైనది. బురదకు మోతాదు ఉన్నది. నత్రజని, భాస్వరం హద్దు మీరితే నీటిలో శైవలాలు విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకొనిపోయి చేపలు, పీతలు ఊపిరాడక చస్తాయి. పీతలు లేని బురదకు బొరియలుండవు; బొరియలు లేని బురద గట్టిపడుతుంది. అప్పుడు శుద్ధిచేసే శక్తే సన్నగిల్లుతుంది.

బిగుసుకొన్న లోహాల సంగతి మరింత జాగ్రత్త కోరుతున్నది. అవి నశించలేదు, అణగి ఉన్నాయి. పర్రను తవ్వినా, ఎండగట్టినా నల్లని బురదకు గాలి తగులుతుంది. గాలి తగలగానే అందులోని గంధకం గంధకామ్లంగా మారుతుంది. ఆ ఆమ్లంలో లోహాలు తిరిగి కరిగి నీటిలో కలుస్తాయి. దశాబ్దాలుగా దాచుకొన్న విషాన్ని పర్ర ఒక్కసారిగా వదిలిపెడుతుంది. మడనేలలో తవ్విన రొయ్యల చెరువులు కొన్ని పంటల తరువాత ఎందుకు పనికిరాకుండా పోతాయో కూడా దీనినిబట్టి గ్రహించవచ్చు. గట్టుమట్టినుండి ఆమ్లం ఊరుతూ ఉంటుంది. రైతు సున్నం చల్లుతాడు. మరుసటి వానకు ఆమ్లం మళ్ళీ ఊరుతుంది. చివరకు చెరువును విడిచి పక్కనేలను తవ్వుతారు. విడిచిన నేలలో మడ తనంత తాను రాదు, ఎందుకంటే గట్లు పోటును లోనికి రానీయవు.

నూనె చేసే హాని వేరు విధమైనది. నీటిమీద తేలే నూనె పాటు తీసేటప్పుడు ఊపిరివేళ్ళకు పట్టుకొని, వాటి రంధ్రాలను మూసివేస్తుంది. ఆకు పచ్చగానే ఉండగా చెట్టు కిందినుండి ఊపిరాడక చనిపోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదలో చెన్నై సమీపాన ఎన్నూరు కయ్యలోకి నూనె కొట్టుకొనివచ్చి మడచెట్లనూ, జాలరుల పడవలనూ, వలలనూ నల్లగా కప్పివేసింది. ఓడలు, గొట్టపుమార్గాలు ఉన్న ప్రతి తీరానికీ ఈ భయం ఉన్నది. పలుచని ప్లాస్టిక్ సంచి చేసేదీ దాదాపు ఇదే పని. అది ఊపిరివేళ్ళకు చుట్టుకొని, తరువాతి పోటుతో వచ్చిన బురదను పట్టి నిలుపుతుంది.

రొయ్యల సాగు చరిత్రను ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1990 దశకం తొలి ఏళ్ళలో ఎగుమతి ధర ఆశచూపగా తీరజిల్లాలలో చెరువులు వేగంగా వ్యాపించాయి. ‘పనికిరాని’ పర్రలే వాటికి ముందుగా దొరికాయి. 1994లో తెల్లమచ్చ వైరస్ వ్యాపించి చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక చెరువు వదలిన నీటినే పక్కచెరువు తోడుకోవడం ఆ తెగులు వేగంగా పాకడానికి ఒక కారణం. మధ్యలో నీటిని వడగట్టవలసిన పర్రలు అప్పటికే చెరువులైనాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, 1991 నాటి తీర క్రమబద్ధీకరణ ప్రకటనను ఆధారం చేసుకొని, సంప్రదాయ పద్ధతులు మినహా తీరమండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, తీరప్రాంత సాగును ఒక అథారిటీ కింద రిజిస్ట్రేషనుతో అనుమతించింది. 2009 తరువాత వనామి రొయ్య వచ్చి సాగు మళ్ళీ ఊపందుకొన్నది. నేడు దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. వేలాది కుటుంబాలకు అది అన్నం పెడుతున్నదన్న మాట నిజం. ఆ సాగుకు శుభ్రమైన ఉప్పునీరు కావాలన్నదీ, ఆ నీటిని శుభ్రం చేసేది పర్ర అన్నదీ అంతే నిజం.

మురికిని గురించి ఇంత చెప్పిన తరువాత మంచినీటి కొరతను గురించి చెప్పకుంటే విషయం అసంపూర్ణమవుతుంది. పర్రకు ఉప్పునీరు ఎంత అవసరమో, ఏటి నీరూ అంతే అవసరం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా అన్నపూర్ణ అయినది. ఆ మేలును తక్కువ చేసి చూపడం అన్యాయం. కాని వేసవిలో నీరంతా కాలువలకు మళ్ళడంతో మొగలకు చేరే నీరు అత్యల్పమైనది. పైన జలాశయాలు పెరిగిన కొద్దీ ఒండ్రు వాటి అడుగున నిలిచిపోయి, డెల్టా అంచుకు చేరేది తగ్గింది. ఒండ్రు అందని తీరాన్ని కడలి కోస్తుంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో ఇళ్ళూ, రోడ్డూ దశాబ్దాలుగా కడలిపాలవుతున్నాయి. అక్కడి కోతకు హోప్ ఐలాండ్ పెరుగుదల, రేవు నిర్మాణాలు మొదలైన ఇతర కారణాలూ ఉన్నాయి. సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో పర్ర మునగకుండా నిలవాలంటే ఏటేటా కొంత ఒండ్రు పైన పడి దాని మట్టమూ పెరగాలి. లేదా అది నేలవైపు వెనుకకు జరగాలి. వెనుక చెరువుగట్లు, రోడ్లు ఉన్న చోట జరగడానికి చోటు లేదు.

2020లో కాకినాడ దుమ్ములపేట సమీపాన మడచెట్లున్న నేలను పేదల ఇళ్ళస్థలాలకోసం చదునుచేయడం వివాదమై, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. పేదకు ఇల్లు అవసరమన్నదానిలో మరో మాట లేదు. ఊరిచుట్టూ ఇంత భూమి ఉండగా పర్రే ఎందుకు కంటపడిందంటే, అది ఎవరిదీ కాదన్న భావమే అందుకు కారణం. పీతలు పట్టే స్త్రీలనూ, గుల్లలు ఏరి సున్నపుబట్టీలకు అమ్మేవారినీ అడిగితే అది ఎవరిదో చెప్పి ఉండేవారు. పోటుకు మునిగే నేలలో అంతస్తుల మెరక పోసి కట్టిన ఇంట్లో ఉప్పెనవేళ కాపురముండవలసినదీ ఆ పేదలే.

చెడిన నేలను బాగుచేయడానికి గోదావరి, కృష్ణా ముఖాలలో ఒక ప్రయత్నం జరిగింది. పూర్వం అటవీశాఖవారే వంటచెరకుకోసం మడను తుండ్లు తుండ్లుగా పూర్తిగా నరికించేవారు. నీడపోయిన బురద ఎండకు బీటలువారి, కుంగి, పళ్ళెం ఆకారం పొందేది. పెద్దపోటుకు ఎక్కిన నీరు ఆ పళ్ళెంలో నిలిచి ఇగిరిపోయేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఉప్పు పెరిగి, మడమొక్క నాటినా బతకని స్థితి వచ్చింది. 1990 దశకం చివరినుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల ప్రజలు కలిసి అటువంటి చోట్ల కాలువలు తవ్వించారు. ఏటినుండి ఒక పెద్దకాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుండి చూస్తే చేపముల్లు పరిచినట్లు ఉంటుంది. పోటు ఆ కాలువలగుండా లోపలిదాకా వచ్చి, పాటుతో తిరిగిపోతూ నేలలో పేరుకొన్న ఉప్పును కడుగుతుంది. ఉప్పు తగ్గిన కాలువ అంచులలో మడమొక్కలు నాటారు. వాటి వెనుక, తెచ్చి నాటకుండానే, పోటు మోసుకొచ్చిన గింజలు మొలిచాయి.

ఈ పద్ధతిని అంతటా వర్తింపజేయాలన్న ఉత్సాహం కూడా తగదు. ఇలకూర పెరిగే ప్రతి ఉప్పు పర్రా నరికిన అడవి మిగిల్చిన గాయం కాదు. కొన్ని మొదటినుండీ పర్రలే. ఉల్లంకిపిట్టలకు వాలడానికి కావలసింది ఆ బోసినేలే. అక్కడ మడను నాటి పచ్చదనం పెంచామనుకోవడం ఒక బంజరును తుడిచి మరొకదానిని సృష్టించడమే. నేల పూర్వచరిత్ర తెలిసిన తరువాతనే కాలువ తవ్వాలి. తవ్విన తరువాతనూ పని ముగియదు. పోటు నీటితోపాటు ఒండ్రునూ తెస్తుంది. పిల్లకాలువ మలుపులలో అది పేరుకొంటూ పోతుంది. అందుకని ఎప్పటికప్పుడు ఊరివారు పాటువేళ చూసుకొని దిగి, కాలువ నోళ్ళలోని బురదను పారలతో తీస్తూ ఉండాలి. నోరు పూడిన కాలువ వెనుక నేల మళ్ళీ తెల్లబడుతుంది.